డీజిల్ బండ్ల నుంచి సీఎన్‌జీకి మారడం: మన సీమ ట్రాన్స్‌పోర్టు వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అనంతపురంలో నాకు తొమ్మిది బండ్లున్నాయి. అందులో నాలుగు సీఎన్‌జీ, అంటే గట్టిగా నొక్కి సిలిండర్‌లో నింపిన సహజ వాయువుతో నడిచేవి, మిగతావి ఇంకా డీజిలే. కాటా దగ్గర, టీ బంకు దగ్గర, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు ఎవరు కలిసినా అవే ప్రశ్నలు. కర్నూలు నుంచి ఫోన్ చేసేవాళ్లూ, కడప నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లూ అడిగేది ఇవే. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. లెక్కల్లో వేసిన ధరలు అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో ఈరోజు ధర పెట్టి మీరే వేసుకోండి.

## నిర్ణయం తీసుకునే ముందు

సీఎన్‌జీకి మారితే నిజంగా మిగులుతుందా? నెలకెంత?

మిగులుతుంది, కానీ షోరూములో చెప్పినంత కాదు. ఒక పికప్ బండి తీసుకుందాం. డీజిల్ లీటరు 97 రూపాయలు, మైలేజీ 13 అనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయల 46 పైసలు. సీఎన్‌జీ కిలో 90, మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయలు. తేడా రూపాయి 46 పైసలు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి 4,380 రూపాయలు మిగిలినట్టు. బండి కొనేటప్పుడు లక్ష ఎక్కువ పెట్టారనుకుంటే ఆ లక్ష తిరిగి రావడానికి 23 నెలలు పడుతుంది. బంకు దూరం, క్యూలో పోయే టైము ఇందులో కలపలేదు. అవి కలిపాకే అసలు లెక్క తేలుతుంది.

కిలో గ్యాస్‌కు లీటరున్నర డీజిల్ అంత మైలేజీ వస్తుందంట, నిజమేనా?

కాదు. వేడి లెక్కన చూస్తే కిలో సీఎన్‌జీలో దాదాపు లీటరుంపావు డీజిల్‌లో ఉన్న శక్తి, ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఆ మాటనే సాగదీసి లీటరున్నర చేశారు. అయితే గ్యాస్ ఇంజన్ స్పార్క్ ప్లగ్‌తో నడుస్తుంది. డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని పిండుకున్నంతగా అది పిండుకోలేదు. ఆ తేడా పోగా, చేతికి వచ్చేది లీటరు డీజిల్‌కు వచ్చినంత, మహా అయితే ఇంకాస్త.

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగే బండికి ఇది పనికొస్తుంది?

కిలోమీటరుకు రూపాయిన్నర మిగులుతుందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లే తిరిగే బండికి 1,500 మిగులుతుంది. బండి మీద అదనంగా పెట్టిన లక్ష రాబట్టుకోవడానికి ఐదున్నరేళ్లు. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే బండికి 17 నెలలు చాలు. కాబట్టి షెడ్డులో ఎక్కువ నిలబడే బండిని, పెళ్లిళ్ల సీజన్‌లోనే తిరిగే బండిని మార్చకండి. పాలు, వాటర్ క్యాన్లు, కొరియర్, కిరాణా సరుకు ఇలా రోజూ ఒకే దారిలో తిరిగే బండిని ముందు మార్చండి.

బంకు మా షెడ్డుకు పది కిలోమీటర్లు. పర్వాలేదా?

అందరూ కిలో ధర అడుగుతారు. నేనైతే ముందు బంకు ఎంత దూరమని అడుగుతాను. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే పికప్‌కు కిలోమీటరుకు రూపాయి 46 పైసల చొప్పున 4,380 మిగులుతుందనుకుందాం. 12 కిలోలు అయిపోయిన ప్రతిసారీ గ్యాస్ కొట్టిస్తే నెలకు 17 సార్లు వెళ్లాలి. పోను పది, రాను పది, అంటే 340 కిలోమీటర్లు ఉత్త తిరుగుడు. కిలోమీటరుకు ఆరు రూపాయల చొప్పున 2,040 అక్కడే పోయింది. మిగిలేది 2,340. లక్ష రాబట్టడానికి 23 నెలలు కాస్తా 43 నెలలు అవుతుంది. డ్రైవర్ టైము, టైర్లు ఇంకా లెక్కలో వేయలేదు.

అదే బంకు మీ బండి రోజూ పోయే దారిలోనే ఉంటే ఈ ఖర్చు సున్నా. మొదట మార్చిన బండి విషయంలో నేను చేసిన తప్పు ఇదే. దానికి బళ్లారి రోడ్డు లోడింగు ఇచ్చి, గ్యాస్ కోసం ఊరికి అవతలి వైపు తిప్పాను. మూడు నెలలు ఏమీ మిగల్లేదు. రూటు మార్చాకే మిగలడం మొదలైంది.

రేపు సీఎన్‌జీ ధర కూడా డీజిల్ అంత అయిపోతే?

అయ్యే అవకాశం ఉంది. దేశంలో పాత బావుల నుంచి వచ్చే గ్యాస్ ధరను 2023 ఏప్రిల్ నుంచి మన దేశం కొనే ముడిచమురు సగటు ధరలో 10 శాతంగా కట్టారు. దానికి పై హద్దు కూడా పెట్టారు. ఒక ఎంఎంబీటీయూకు (గ్యాస్‌ను అందులోని వేడి లెక్కన కొలిచే యూనిట్) రెండేళ్లపాటు 6.5 డాలర్లు, ఆ తర్వాత ఏటా పావు డాలరు పెంచుతారు. అయితే బంకుల్లో అమ్మేదానికి ఆ చౌక గ్యాస్ ఒక్కటే చాలదు. మిగతాది ఎక్కువ ధరకు కొంటారు, దిగుమతి కూడా చేసుకుంటారు. అందుకే చమురు పెరిగితే ఇదీ పెరుగుతుంది.

మీ బండికి హద్దు ఎక్కడో వేసుకోవడం తేలిక. డీజిల్ 97, మైలేజీ 13, సీఎన్‌జీ మైలేజీ 15 అయితే, కిలో 112 రూపాయల దగ్గర రెండూ సమానం. ఈరోజు ధరకూ ఆ 112కూ మధ్య ఎంత దూరముందో చూసుకోండి. నేను కొనేటప్పుడు తేడా సగానికి పడిపోయినా కిస్తీ కట్టగలనా అని లెక్క వేసుకున్నాను.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఇక్కడ కూడా ఆపేస్తారంట కదా?

ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానిది. 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఉత్తర్వుతో వచ్చింది. మన జిల్లాలకు అది వర్తించదు. ఎఫ్‌సీ అవుతున్నంత కాలం బండి తిరుగుతుంది. ఈ భయంతో మంచి కండీషన్ బండిని గుజిరీ ధరకు అమ్ముకున్నవాళ్లను చూశాను. తొందరపడకండి.

ఇదేమన్నా కొత్త ప్రయోగమా? మన బండ్ల మీద పరీక్షిస్తున్నారా?

కాదు. సుప్రీంకోర్టు 1998లో ఢిల్లీ బస్సులను సీఎన్‌జీకి మార్చాలని ఆదేశించింది. 2002 చివరికి అక్కడి సిటీ బస్సులన్నీ మారిపోయాయి. ఇరవై ఏళ్ల పైబడిన సంగతి. మన వైపు మాత్రం బంకులు ఆలస్యంగా వచ్చాయి, కాబట్టి మనకు కొత్తగా ఉంది.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా, మధ్యలో ఇదెందుకు?

ఊళ్లోనే రోజుకు 60, 70 కిలోమీటర్లు తిరిగి రాత్రికి షెడ్డుకు చేరే ఆటో ట్రాలీ అయితే ఎలక్ట్రిక్ చూడండి, నేనూ అదే అంటాను. అనంతపురం నుంచి ధర్మవరం, అక్కడి నుంచి కదిరి, ఎక్కడ బాడుగ దొరికితే అక్కడికి పోయే బండికి మాత్రం ప్రస్తుతం గ్యాసే నయం.

## బండి ఎంచుకునేటప్పుడు

ఇప్పుడున్న డీజిల్ ఇంజన్‌కే గ్యాస్ కిట్ పెట్టించుకోవచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమందిని నిరాశపరిచే జవాబూ ఇదే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తుంది. డీజిల్ 250 డిగ్రీల లోపే అంటుకుంటుంది. గ్యాస్‌కు 540 డిగ్రీల దాకా కావాలి. అందుకని హెడ్డు విప్పి ప్లగ్‌లు పెట్టాలి, నొక్కుడు నిష్పత్తిని (కంప్రెషన్ రేషియో) 17, 18 నుంచి 11, 12కు తగ్గించాలి, ఇంజెక్టర్లు, కంప్యూటర్ అన్నీ మార్చాలి. ఇంత చేసేసరికి అది వేరే ఇంజనే అయిపోతుంది.

చట్టం కూడా అలాగే చూస్తుంది. 2022 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 3.5 టన్నుల లోపు బీఎస్-6 (పొగ మీద పెట్టిన కొత్త ప్రమాణం) బండ్లలో డీజిల్ ఇంజన్ తీసేసి, ఆమోదం ఉన్న గ్యాస్ ఇంజన్ పెట్టుకోవచ్చు. కాగితం మీద దారి ఉంది. ఆ ఖర్చు, అన్ని రోజులు బండి నిలిపిన నష్టం కలిపితే, పాత బండి అమ్మి కంపెనీ సీఎన్‌జీ బండి కొనుక్కోవడమే తేలిక. "ముప్పై వేలిస్తే నీ డీజిల్ బండికి గ్యాస్ పెట్టిస్తా" అనే మనిషి ఎదురైతే టీ తాగి వచ్చేయండి.

కంపెనీ నుంచే సీఎన్‌జీగా వచ్చిన బండి మేలా, పెట్రోల్ బండికి బయట కిట్ పెట్టించుకోవడం మేలా?

బాడుగ బండికి కంపెనీదే తీసుకోండి. టాటా ఏస్, ఇంట్రా, మారుతీ సూపర్ క్యారీ, అశోక్ లేలాండ్ దోస్త్, ఐషర్ చిన్న లారీలు, అన్నింటిలోనూ సీఎన్‌జీ రకాలు వచ్చాయి. ఛాసిస్, స్ప్రింగులు, వాల్వ్ సీట్లు సిలిండర్ బరువుకూ గ్యాస్ వేడికీ తగ్గట్టు చేసి ఉంటారు. వారంటీ ఉంటుంది. బయట కిట్ పెట్టిస్తే ఇంజన్ వారంటీ పోతుంది. అయినా పెట్టించుకునేవాళ్లు కిట్‌కు మీ బండి మోడల్ పేరు మీద టైప్ అప్రూవల్ (పరీక్షించి ఇచ్చే ఆమోదం) ఉందో లేదో కాగితం చూసి మరీ డబ్బు ఇవ్వండి. ఆ అప్రూవల్ మూడేళ్లే చెల్లుతుంది, తర్వాత కిట్ తయారీదారు రెన్యువల్ చేయించుకోవాలి. తారీఖు కూడా చూడండి.

ఉత్త సీఎన్‌జీ బండి తీసుకోవాలా, పెట్రోల్ కూడా పోసుకునేది తీసుకోవాలా?

మన జిల్లాల్లో పెట్రోల్ కూడా ఉన్నదే. ఒక ఎండాకాలం రాత్రి చీనీకాయల లోడుతో మా బండి బయల్దేరింది. తొమ్మిదిన్నరకు డ్రైవర్ ఫోన్. "అన్నా, గ్యాస్ లారీ ఇంకా రాలేదంటన్నా. ముందర పన్నెండు ఆటోలు ఉండాయి." తెల్లవారుజామున మార్కెట్‌లో దించకపోతే కాయ రేటు పడిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ ఉంది కాబట్టి స్విచ్ మార్చి వెళ్లిపోయాడు. ఆ ట్రిప్పులో మిగిలిందేమీ లేదు, కానీ రైతు దగ్గర మాట పోలేదు.

పెట్రోల్ ట్యాంకు ఎంత పెద్దదో కూడా అడగండి. సూపర్ క్యారీలాంటి వాటిలో అయిదు లీటర్లే ఉంటుంది, అది బంకు దాకా చేరుకోవడానికే. వారానికోసారి కాసేపు పెట్రోల్ మీద నడిపించండి, లేకపోతే అవసరమైన రోజు పంపు మొరాయిస్తుంది.

సిలిండర్ల బరువు లోడును తినేస్తుందా?

తింటుంది. ఇనుప సిలిండర్ లీటరు సామర్థ్యానికి దాదాపు కిలో బరువు తూగుతుంది. 60 లీటర్ల సిలిండర్ 60 కిలోల పైచిలుకు, అందులో పట్టే గ్యాస్ 9, 10 కిలోలే. చిన్న బండికి ఇది పెద్ద విషయం కాదు. పెద్ద లారీలో ఆరేడు సిలిండర్లు పెడితే అర టన్ను ఎగిరిపోతుంది. సిమెంటు బస్తాల లెక్కన పది బస్తాలు. ఫైబర్ చుట్టి చేసిన కాంపోజిట్ సిలిండర్లు బాగా తేలిక, కానీ ధర ఎక్కువ.

తాడిపత్రి, బేతంచెర్ల నుంచి బెంగళూరుకు బండలు తోలే పెద్ద లారీని మార్చొచ్చా?

నేనైతే మార్చను. బండల లోడులో ప్రతి క్వింటాలూ డబ్బే, సిలిండర్లకు చోటివ్వడం దండగ. తాడిపత్రి నుంచి బెంగళూరు పోయి రావడం 500 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరానికి మధ్యలో మళ్లీ గ్యాస్ కొట్టించాలి, పెద్ద లారీ తిరిగేంత జాగా ఉన్న బంకు కావాలి. ఎర్రగుంట్ల నుంచి రెండు మూడు ఊళ్ల అవతలికి సిమెంటు వేసే మధ్యతరహా లారీ అయితే మాట వేరు, రోజూ అదే దారి కాబట్టి.

దూరప్రయాణానికి గ్యాస్ కావాలంటే ఎల్‌ఎన్‌జీ అని ఇంకోటుంది. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది, ఒక్కసారి నింపితే చాలా దూరం వెళ్లొచ్చు. పెద్ద జాతీయ రహదారుల మీద ఎల్‌ఎన్‌జీ బంకులు పెట్టే పని 2020లో మొదలైంది. మీ రూటులో ఒకటి కాదు, రెండు బంకులు పనిచేస్తున్నాయని కళ్లారా చూశాకే ఆ లారీ బుక్ చేయండి.

లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది, డీజిల్ బండిలా ఎక్కదు. టర్బో డీజిల్ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే లాగుతుంది. గ్యాస్ బండిని కాస్త ముందుగానే గేరు దించి, ఆర్‌పీఎమ్ పెంచుకుని ఎక్కించాలి. డీజిల్ అలవాటున్న డ్రైవర్ మొదటి వారం "బండిలో దమ్ము లేదన్నా" అంటాడు. నాలుగు ట్రిప్పులు పోయాక ఆ మాట మానేస్తాడు. దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త ఏ బండికైనా ఒకటే. చిన్న గేరులో దిగాలి, న్యూట్రల్ కొట్టకూడదు. ఘాట్ దాటాక పాలకోవా కోసం ఎలాగూ ఆపుతారు, అప్పుడు బ్రేకు డ్రమ్ముల వేడి కూడా చూసుకోండి.

బండ్లన్నీ ఒకేసారి మార్చేయాలా?

వద్దు. ఒక బండితో మొదలుపెట్టి ఎండాకాలం ఒకటి గడపండి. మా దగ్గర మొదటి బండికీ రెండో బండికీ మధ్య పద్నాలుగు నెలలు పట్టింది. బంకులో గ్యాస్ అయిపోయిన రోజు డీజిల్ బండి ఒక్కటైనా షెడ్డులో ఉండాలి.

## కాగితాలు

ఆర్సీ బుక్కులో మార్చాలా? మార్చకపోతే ఏమవుతుంది?

బయట కిట్ పెట్టించినా, ఇంజన్ మార్చినా ఆర్సీలో ఇంధనం మార్పించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు చేసిన 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కిట్ అప్రూవల్, సిలిండర్ టెస్ట్ సర్టిఫికెట్, బిగించిన సెంటర్ ఇచ్చిన కాగితం తీసుకుని వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. ఆర్సీలో డీజిల్ లేదా పెట్రోల్ అని ఉండి బండిలో గ్యాస్ ఉంటే యాక్సిడెంట్ రోజున ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. అద్దం మీద రంగు స్టిక్కర్ కూడా మారుతుంది, డీజిల్‌కు నారింజ, పెట్రోల్, సీఎన్‌జీకి లేత నీలం.

ఫైనాన్స్‌లో ఉన్న బండికి కిట్ పెట్టించవచ్చా?

ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదు. ఫోన్‌లో "సరేలే" అన్నారని పని మొదలుపెట్టకండి.

ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

కొంచెం. పాలసీలో గ్యాస్ కిట్‌ను విడిగా రాయించాలి. ఏజెంటుకు ఐఎంటీ 25 ఎండార్స్‌మెంట్ అని చెబితే తెలుస్తుంది. కిట్ విలువ కూడా అందులో వేయించండి, లేకపోతే బండి కాలిపోతే కిట్ డబ్బు రాదు. కంపెనీ నుంచి వచ్చిన సీఎన్‌జీ బండి అయినా పాలసీలో ఇంధనం కాలమ్ ఒకసారి మీ కళ్లతో చూడండి. మాది ఒకదాంట్లో డీజిల్ అని పడింది. పాలసీ చేతికొచ్చిన రోజే చూశాం కాబట్టి సరిపోయింది.

సీఎన్‌జీ బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ వస్తుందా?

రాదు. డీజిల్ లాగే ఇది కూడా జీఎస్టీ బయటే ఉంది, వ్యాట్ పడుతుంది.

## గ్యాస్ కొట్టించే చోట

మా ఊరికి గ్యాస్ పైపులైనే లేదు, బంకులోకి గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు దారులు. పైపు ఉన్న పెద్ద స్టేషన్‌లో గ్యాస్‌ను నొక్కి, వరసగా కట్టిన సిలిండర్లలో నింపి, లారీ మీద మీ బంకుకు తెస్తారు. ఆ సిలిండర్ల గుత్తినే కాస్కేడ్ అంటారు. లేదా ఎల్‌ఎన్‌జీని ట్యాంకర్‌లో తెచ్చి బంకులోనే మళ్లీ గ్యాస్‌గా మార్చి పోస్తారు. రోజూ వెళ్లబోయే బంకు ఏ రకమో అక్కడి కుర్రాడిని అడగండి. కాస్కేడ్ బంకు అయితే గ్యాస్ లారీ ఎన్ని గంటలకు వస్తుందో కూడా కనుక్కోండి. లారీ వచ్చిన అరగంటలో వెళ్తే ప్రెషర్ నిండుగా ఉంటుంది. ఖాళీ అవుతున్నప్పుడు వెళ్తే ప్రెషర్ 140, 150 బార్ దగ్గరే ఆగిపోతుంది, మళ్లీ సాయంత్రం రావాలి.

రాత్రి 200 చూపించింది, పొద్దున 175 ఉంది. గ్యాస్ ఎవరన్నా తీశారా? లీకా?

చాలాసార్లు రెండూ కాదు. గ్యాస్‌ను వేగంగా నింపేటప్పుడు సిలిండర్ లోపల వేడెక్కుతుంది, వేడి గ్యాస్ ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. రాత్రంతా చల్లబడ్డాక ముల్లు దిగుతుంది. లోపల ఉన్న కిలోలు మాత్రం అవే. మొదటి నెలలో నేనూ డ్రైవర్‌ను అనుమానించాను, తర్వాత సిగ్గుపడ్డాను. చల్లబడ్డాక కూడా, బండి కదలకుండా, రోజు రోజుకూ ముల్లు దిగుతుంటే మాత్రం లీకే.

చూసుకోవడం తేలిక. గిన్నెలో సబ్బు నురగ కలిపి బ్రష్‌తో వాల్వ్ దగ్గర, పైపు కలిసే నట్ల దగ్గర పూయండి. లీకు ఉన్నచోట బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతుంది. నట్టు మీరే బిగించకండి, 200 బార్ ప్రెషర్‌తో ఆట వద్దు. సిలిండర్ వాల్వ్ కట్టేసి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

ఎండాకాలం తక్కువ గ్యాస్ పడుతుంది, డబ్బులు నష్టపోతున్నామా?

తక్కువ పడుతుందన్నది నిజం. కర్నూలులో మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల్లో నింపితే 14 కిలోలు పట్టే చోట 12 దగ్గరే ఆగొచ్చు. డబ్బు నష్టం మాత్రం లేదు, మీటరు గ్యాస్ బరువునే కొలుస్తుంది. పడిన కిలోలకే బిల్లు. నష్టపోయేది దూరం. మా బండ్లు ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే గ్యాస్ కొట్టిస్తాయి.

గ్యాస్ కొట్టేటప్పుడు అందరినీ దిగమంటారెందుకు?

నాజిల్ గానీ పైపు గానీ విడిపోతే ఆ ప్రెషర్‌కు దెబ్బ మామూలుగా ఉండదు. ఇంజన్ ఆపి, బండి దిగి, దూరంగా నిలబడాలి. లోపల నిద్రపోతున్న క్లీనర్‌ను కూడా లేపండి.

చెత్త నుంచి, పేడ నుంచి తీసిన గ్యాస్ కలుపుతున్నారంట, ఇంజన్ పాడవుతుందా?

శుద్ధి చేసిన బయోగ్యాస్ కూడా మీథేనే. 2018లో సతత్ అనే పథకంతో ఇది మొదలైంది. గ్యాస్ కంపెనీలు 2025-26 నుంచి ఒక శాతంతో మొదలుపెట్టి ఏటా పెంచుతూ కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది. ప్రమాణానికి తగ్గట్టు శుద్ధి చేసినదైతే ఇంజన్‌కు తేడా తెలియదు.

## రోడ్డు మీద, షెడ్డులో

ఈ ఎండలకు సిలిండర్ పేలదా?

ఎండకు పేలదు. సిలిండర్‌ను పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్ల పైన పెట్టి పరీక్షించాకే వదులుతారు. మంటల్లో చిక్కుకుంటే వేడికి కరిగి గ్యాస్‌ను బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. సీఎన్‌జీ గాలి కన్నా తేలిక, లీకైనా పైకి పోతుంది. వంట గ్యాస్ బరువు, నేల మీదే పరుచుకుంటుంది. ప్రమాదాలు వచ్చేది ఎక్కువగా నకిలీ సిలిండర్ల వల్ల, గడువు తీరిన వాటి వల్ల, చేతకాని బిగింపు వల్ల.

క్యాబిన్‌లో గ్యాస్ వాసన వస్తే డ్రైవర్ ఏం చేయాలి?

బండి ఖాళీ జాగాలో ఆపి ఇంజన్ ఆపేయాలి. అద్దాలు, తలుపులు తెరవాలి. లైటు స్విచ్, ఫోను, అగ్గిపుల్ల ఏదీ ముట్టకూడదు. సిలిండర్ దగ్గరున్న చేతి వాల్వ్ కట్టేసి దూరం జరిగాక ఫోన్ చేయాలి. ఆ చేతి వాల్వ్ ఎక్కడుందో చాలామంది డ్రైవర్లకు తెలియదు. బండి అప్పగించే రోజే కళ్లు మూసుకుని కూడా తిప్పగలిగేలా రెండుసార్లు చేయించి చూడండి.

బాడీ పని, వెల్డింగ్ చేయించుకోవచ్చా?

సిలిండర్ దగ్గర్లో వెల్డింగ్ అసలే వద్దు. మా బండికి టార్పాలిన్ కొక్కేలు వేయించడానికి ఒక బాడీ షాపుకు పంపాను. నేను వెళ్లేసరికి కుర్రాడు సిలిండర్ బ్రాకెట్ పక్కనే మొదటి కొక్కెం ఆనించి, కళ్లద్దాలు దించుకుంటున్నాడు. అరిచేసరికి ఆగాడు. తప్పు వాడిది కాదు, బండి గ్యాస్‌దని మా డ్రైవర్ చెప్పలేదు. అప్పటినుంచి సిలిండర్ పెట్టె మీద ఎర్ర రంగుతో "వెల్డింగ్ చేయరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాను. తప్పనిసరి పని అయితే సర్వీస్ సెంటర్‌లో సిలిండర్ విప్పించి, బ్యాటరీ తీయించి చేయించండి.

మన మెకానిక్కే రిపేరు చేయగలడా?

క్లచ్, బ్రేకు, కమాన్ పట్టీలు అన్నీ మన మెకానిక్కే. గ్యాస్ పైపు, రెగ్యులేటర్, వాల్వ్ మాత్రం శిక్షణ ఉన్నవాళ్లే ముట్టాలి. స్పార్క్ ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్, గ్యాస్ ఫిల్టర్ టైముకు మార్చండి. ప్లగ్ అరిగితే ముందు మైలేజీ పడిపోతుంది, తర్వాత బండి కుదుపులిస్తుంది. ఆయిల్ నల్లబడలేదు కదా అని మార్చడం మానకండి. గ్యాస్ ఇంజన్‌లో మసి ఉండదు కాబట్టి పాతదైనా తేటగానే కనిపిస్తుంది. కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి.

యూరియా పోసే పని తప్పుతుందా?

తప్పుతుంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగను శుద్ధి చేయడానికి పోసే యూరియా ద్రవం, పొగలో మసిని పట్టే డీపీఎఫ్ తలనొప్పులు. ఊళ్లో ఆగి ఆగి తిరిగే బండికి డీపీఎఫ్ నిండిపోయి లైటు వెలగడం, హైవే మీద కాసేపు తోలి దాన్ని కాల్చుకురావడం మీకు తెలిసిందే. మన దగ్గర అమ్మే సీఎన్‌జీ బండ్లకు మామూలు క్యాటలిటిక్ కన్వర్టర్ చాలు.

డ్రైవర్లు ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి?

కొందరి కారణం మీకూ తెలుసు, నాకూ తెలుసు. డీజిల్‌ను పైపు పెట్టి క్యానులోకి దించుకోవచ్చు, సీఎన్‌జీని దించలేరు. మా ఖాతాలో మైలేజీ తేడా ఒక నెలలోనే కనిపించింది. కానీ అందరినీ ఆ గాటన కట్టడం అన్యాయం. క్యూలో గంట నిలబడితే డ్రైవర్‌కు ట్రిప్పు పోతుంది, ట్రిప్పు పోతే బేటా (ట్రిప్పు మీద ఇచ్చే చేతి ఖర్చు) పోతుంది. నేను గ్యాస్ కొట్టించిన ప్రతిసారికీ కొంత విడిగా ఇస్తాను. ఆ తర్వాత గొణుగుడు తగ్గింది.

గ్యాస్ దొరకని రోజు ఇంటి సిలిండర్ నుంచి ఎక్కించుకోవచ్చా?

వద్దు. అది ఎల్‌పీజీ, వేరే గ్యాస్, వేరే ప్రెషర్. సీఎన్‌జీ కిట్‌లోకి ఎక్కించడం ప్రమాదం, నేరం కూడా.

## మూడేళ్ల తర్వాత

హైడ్రో టెస్ట్ గడువు తీరిందని బంకులో గ్యాస్ పోయలేదు. ఏం చేయాలి?

వాళ్లు చేసింది సరైనదే. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. సిలిండర్‌ను విప్పి, నీళ్లు నింపి, పెద్ద ప్రెషర్ పెట్టి అది ఎంత సాగుతోందో కొలుస్తారు. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న కేంద్రంలోనే చేయించాలి. విప్పడం, పంపడం, మళ్లీ బిగించడం కలిపి బండి రెండు మూడు రోజులు ఆగుతుంది. అందుకే నాలుగు బండ్ల టెస్ట్ తారీఖులూ షెడ్డు గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టాను, పండగ సరుకు తిరిగే దసరా ముందు ఏదీ పడకుండా. మూడేళ్లు బండి కొన్న రోజు నుంచి కాదు, సిలిండర్ మీద పొడిచిన టెస్ట్ తారీఖు నుంచి. షోరూములో ఎనిమిది నెలలు నిలబడిన బండి కొంటే ఆ ఎనిమిది నెలలు మీకు పోయినట్టే.

పాత సీఎన్‌జీ బండికి రీసేల్ ఉంటుందా?

బంకు ఉన్న ఊళ్లో ఉంటుంది. అనంతపురంలో అడిగినంత రేటు బంకు లేని మండలంలో అడగరు. కొనేవాడు ముందు చూసేది ఇంజన్ కాదు, హైడ్రో టెస్ట్ కాగితం. గడువు దగ్గర పడిన బండిని అమ్మాలనుకుంటే టెస్ట్ చేయించి, ఆ కాగితం ఆర్సీతో పాటు కవర్లో పెట్టి చూపించండి. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.